అమ్మాయికి తోడు ఎవరుంటారు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఫిజిక్స్ ఇష్టమని బీఎస్సీ అంటోంది. చుట్టాలు బీటెక్ ఏఐలో చేర్పించమంటున్నారు. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు. ఆన్‌లైన్‌లో మెంటరింగ్ ఇస్తాం, డబ్బు కట్టమని ఒకరు ఫోన్ చేస్తున్నారు. ఏది మేలు?

జవాబు: తెలియనిది ఎవరిని అడగాలో తెలియక పిల్ల ఒంటరైపోతుందేమోనన్నదే మీ అసలు భయం. ఇంట్లో మొదటిసారి కాలేజీకి పంపే తల్లిదండ్రులంతా నన్ను అడిగేది ఇదే.

తర్వాత జీవరసాయన శాస్త్రవేత్త అయిన కమలా సొహోనీ 1933లో బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్సీలో సీటు అడిగితే, ఆడపిల్ల అని అక్కడి డైరెక్టర్ సి.వి.రామన్ కాదన్నారు. ఆమె పట్టుబడితే, ఏడాది పాటు పని చూసి తేలుస్తామన్న షరతుతో చేర్చుకున్నారు. అక్కడ శ్రీనివాసయ్య అనే గురువు ఆమెకు దగ్గరుండి పని నేర్పారు. 1939లో ఆమె కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ అందుకున్నారు. మెంటర్ అంటే అలా పక్కన నిలబడే మనిషి. ఫోన్‌లో ప్యాకేజీ అమ్మేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. వారానికి ఎన్నిసార్లు, ఎవరు మాట్లాడతారో చెప్పలేకపోతే రూపాయి కూడా కట్టకండి.

ఏఐ కూడా అంతే. పేరు చూసి చేర్పిస్తే, చెప్పే లెక్చరర్లు లేని కాలేజీలో నాలుగేళ్లు పోతాయి. తనకే ఇష్టమైతే చేర్చండి, సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఎంపికైన అమ్మాయిలకు ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. బీఎస్సీలో చేరితే సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు అప్లై చేయొచ్చు. ఎంపికైతే రెండు నెలలు శాస్త్రవేత్త దగ్గర పని, స్టైపెండ్ కూడా.

ఒక మాట కటువుగానే అంటాను. మీ ప్రశ్నలో అమ్మాయి ఇష్టం ఒక్క ముక్కలో దాటిపోయింది. కొడుకు విషయంలో చుట్టాల మాటకు ఇంత విలువ ఇచ్చేవారా? వాళ్లు ఫీజు కట్టరు, క్లాసులో కూర్చోరు.

టెన్షన్ పడకండి. తండా నుంచి ఎంపీసీ దాకా తనంతట తానే వచ్చిన పిల్ల, ఇకముందూ నెగ్గుకొస్తుంది. ఈ వారమే తనను దేవరకొండ, నల్లగొండ డిగ్రీ కాలేజీలకు తీసుకెళ్లండి. ఫిజిక్స్ మేడమ్‌ను, అక్కడ చదివే తండాల అమ్మాయిలను కలవనివ్వండి. ల్యాబ్‌లో ఆడపిల్లలు ప్రయోగం తమ చేతులతో చేస్తున్నారా, మగపిల్లలు చేస్తుంటే రికార్డు రాసుకుంటున్నారా చూడండి. మాట్లాడటం మాత్రం అమ్మాయికే వదిలేయండి.