పై అంతస్తులో మొదటి ఎండాకాలం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బిడ్డా, శివరాత్రితో చలి వెళ్లిపోయింది. మీరు హనుమకొండలో దిగింది సంక్రాంతి ముందు కాబట్టి ఇక్కడి మంచి రోజులే చూశారు. ఉగాది నాటికి ఆ ఇంటి అసలు గుణం బయటపడుతుంది. మీది పై అంతస్తు, పడకగది పడమర వైపు, పైగా అత్తగారు మీతోనే ఉంటున్నారు. ఫోనులో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు, అల్లుడికీ చదివి వినిపించు.

ముందుగా చెప్పాల్సింది ఒకటే. ఇప్పటి నుంచి మృగశిర కార్తె దాకా ఇంటి పనులు గడియారాన్ని చూసి కాదు, ఎండను చూసి పెట్టుకోవాలి. మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీలు కొత్త కాదు. పదకొండు గంటలకు పొయ్యి ముందు నిలబడి, మధ్యాహ్నం బట్టలు ఉతికి, రెండింటికి బజారు పని పెట్టుకుంటే సాయంత్రానికి ఇంట్లో ఎవరు నోరు తెరిచినా కోపం వస్తుంది. వేసవిలో ఇళ్లలో జరిగే గొడవల్లో సగానికి కారణం మనుషులు కాదు, పని పెట్టుకున్న వేళ. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

ఐదింటికి లేవండి. అప్పుడు వీచే గాలి ఆ రోజుకు దొరికే ఒకే ఒక్క చల్లగాలి. తలుపులు, కిటికీలు అన్నీ తీసి ఇల్లంతా ఆ గాలి నింపుకోవాలి. ఎనిమిదిన్నరకల్లా వంట ముగించు. తొమ్మిది దాటాక తూర్పు కిటికీలు, పన్నెండు లోపు పడమటి కిటికీలు మూసేసి పరదాలు దించాలి. గాలి రావాలని చాలామంది పగలంతా కిటికీలు తీసే ఉంచుతారు. బయట వడగాలి వీస్తుంటే లోపలికి వచ్చేదీ వడగాలే కదా! సూర్యుడు దిగాక మళ్లీ అన్నీ తెరవండి. పడమటి కిటికీకి వట్టివేళ్ల తడక ఒకటి కట్టించి మధ్యాహ్నాలు నీళ్లు చల్లితే ఆ గదిలో కూర్చోగలుగుతారు. తడిసిన వట్టివేళ్ల వాసన గదంతా పరుచుకుంటుందే, అది ఈ కాలంలో తప్ప మరెప్పుడూ దొరకదు.

ఇక పైకప్పు. సిమెంటు స్లాబు పగలంతా ఎండను మింగి రాత్రి మీ మీద కక్కుతుంది. అర్ధరాత్రి ఫ్యాను కింద కూడా చెమట పట్టడానికి కారణం అదే. ఏసీ కొనే ముందు డాబా మీద సున్నం వేయించండి. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది, స్లాబు అంతగా కాగదు. మన రాష్ట్ర ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది. పాతకాలపు సున్నం వేసినా సరే, ఇప్పుడు దొరికే తెల్ల రంగు వేసినా సరే, ముందు డాబాను ఊడ్చి, కడిగి, ఆరనిచ్చి రెండు పూతలు పూయాలి. పని మార్చిలోనే అయిపోవాలి. ఏప్రిల్ నడిమికి వెళ్తే డాబా మీద కూలీలు నిలబడలేరు, వాళ్లను నిలబెట్టడం న్యాయమూ కాదు.

కూలర్ గురించి అల్లుడు అడిగాడు. అది పొడిగాలిని తడి గడ్డి గుండా లాగి చల్లబరుస్తుంది. అందుకే దాన్ని కిటికీకి ఆనించి పెట్టాలి, గదికి అవతలి వైపు మరో కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి. తలుపులన్నీ బిగించి కూలర్ వేస్తే గంటలో గది జిగటగా మారుతుంది, అప్పుడు కూలర్‌ను తిట్టి లాభం లేదు. ఏటా గడ్డి మార్పించండి. బోరు నీళ్లు పోస్తే గడ్డికి తెల్లగా ఉప్పు పడుతుంది, వీలైతే నల్లా నీళ్లే పోయండి. వారానికి ఒకసారి తొట్టి ఖాళీ చేసి రుద్ది ఆరబెట్టడం మాత్రం మానవద్దు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీళ్లలోనే. జూన్‌లో గాలిలో తేమ పెరిగాక కూలర్ పని అయిపోయినట్టే, అప్పుడు తీసి అటక మీద పెట్టేయండి.

ఏసీ ఉన్నా 26 మీద పెట్టి ఫ్యాను తోడు వేసుకుంటే సరిపోతుంది. మీటరు మీద ఒక కన్ను వేసి ఉంచండి. నెలకు 200 యూనిట్లు దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచే ధర మారుతుంది.

తాగే నీళ్లకు ఫ్రిజ్ కంటే రంజన్, అంటే మట్టి కుండ, మేలు. కొత్త రంజన్‌ను ఒక పగలు, ఒక రాత్రి నీళ్లలో నాననిచ్చి, ఆ నీళ్లు పారబోసి వాడాలి. సబ్బుతో తోమితే ఆ వాసన మట్టిలోకి ఇంకి పోనే పోదు. చేత్తోనో పీచుతోనో రుద్దితే చాలు. మట్టి సన్నటి రంధ్రాల గుండా నీరు ఊరి ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. అందుకని వంటింటి మూలలో ఇరికించకుండా గాలి తగిలే చోట, నీడలో, తడి ఇసుక మీద పెట్టు. ఏడాది రెండేళ్లకు ఉప్పు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. నీళ్లు చల్లబడటం లేదంటే కొత్తది కొనాల్సిందే. ఎండలోంచి వచ్చి రంజన్‌లో నీళ్లు ముంచుకుని గడగడా తాగితే కలిగే హాయి ఫ్రిజ్ నీళ్లకు రాదు. అవి పళ్లు జివ్వుమనిపిస్తాయి, దాహం మాత్రం అలాగే ఉంటుంది.

అత్తగారి విషయంలో జాగ్రత్తగా ఉండు. పెద్దవయసులో దాహం సరిగా తెలియదు. ‘వద్దులే’ అన్నారని ఊరుకోవద్దు. గంట గంటకూ పలచటి చల్లో, అంబలో, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లో చేతికి ఇవ్వు. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, తూలి పడినా ఇంటి వైద్యాలతో కాలం గడపకుండా తడిగుడ్డలతో ఒళ్లు తుడుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. వడదెబ్బ వేచి చూసే జబ్బు కాదు.

నీళ్ల సంగతి నీకు ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది, ముందే చెప్తున్నాను. మన నల్లాలకు నీళ్లిచ్చే ధర్మసాగర్ చెరువుకు గోదావరి నీళ్లు దేవాదుల ఎత్తిపోతలతో వస్తాయి. నది నుంచి ఇంత దూరం ఎత్తిపోసుకుని తెచ్చుకుంటున్న నీళ్లని గుర్తుంటే ట్యాంకు నిండి పొర్లుతుంటే చూస్తూ ఊరుకోలేం. నల్లా ఏ రోజు, ఏ వేళకు వస్తుందో పక్కింటివాళ్లను అడిగి గోడ మీద రాసిపెట్టుకో. తాగే నీళ్లు ముందు పట్టుకుని, తర్వాత మిగతావి. ఎండకు పై ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి మరిగినంత పని అవుతాయి. స్నానపు నీళ్లు పొద్దున్నే బకెట్లలోకి పట్టి ఉంచితే సాయంత్రం ఒంటికి హాయిగా ఉంటాయి. ఒకే బోరు మీద మూడు కుటుంబాలు ఉన్న ఇంట్లో మోటారు ఎవరు ఎప్పుడు వేయాలన్న మాట ఇప్పుడే, నీళ్లు ఉన్నప్పుడే, నవ్వుతూ మాట్లాడుకోవాలి. మేలో మొదలుపెడితే అది మాట కాదు, జగడం అవుతుంది. కింది ఇంటావిడకు నువ్వు ముందుగా ఒక గిన్నెడు కూర పంపు. రేపు నీ ట్యాంకు పొర్లితే అరిచే బదులు పిలిచి చెప్తుంది.

ఇప్పుడు కోతులు. హైదరాబాద్‌లో నీకు ఈ బాధ అంతగా తెలిసి ఉండదు. వరంగల్ చుట్టుపక్కల డాబా మీద ఏది ఆరబెట్టినా అది మనదీ కోతులదీ ఉమ్మడి ఆస్తి. అల్లుడు వడియాలంటే ప్రాణం పెడతాడట, కాబట్టి శ్రద్ధగా విను. రాత్రే సగ్గుబియ్యం నానబెట్టి, తెల్లవారుజామున గంజి కాచి, ఎండ ఎక్కకముందే పాత పంచె మీద వడియాలు పెట్టాలి. మంచం నవారు కింద పరిచి పైన దోమతెర కప్పి అంచుల మీద ఇటుకలు పెడితే సగం కాపలా అయినట్టే. మిగతా సగానికి మనిషి కావాలి. మెట్ల గదిలో నీడన అత్తగారికి కుర్చీ, చేతికి కర్ర, పక్కన రేడియో ఇవ్వండి. పొద్దున పదింటి దాకా కూర్చుంటే చాలు. మండుటెండలో కోతులు కూడా చెట్ల నీడకు చేరతాయి, సాయంత్రం నాలుగు తర్వాత మళ్లీ వస్తాయి, ఆ లోపు బట్ట తీసేయాలి. ఎదురుపడితే కళ్లలోకి చూడవద్దు, పళ్లు కనిపించేలా నవ్వవద్దు, చేతిలో సంచి పట్టుకుని మెట్లెక్కవద్దు. పిల్లాడు ముద్దుగా ఉందని అరటిపండు విసిరితే గట్టిగా వారించు. ఒకసారి తిండి దొరికిన డాబాను అవి మరచిపోవు. వంటింటి కిటికీకి ఇనుప జాలీ తప్పనిసరి. ఇంత శ్రమ ఎందుకు, కొనుక్కోవచ్చు కదా అంటావేమో. సగం ఆరిన వడియం బట్ట మీంచి ఒలిచి నోట్లో వేసుకోవడం ఏ దుకాణంలోనూ దొరకదు. మీ అమ్మ చిన్నప్పుడు ఆరినవాటి కంటే ఆరీ ఆరనివే ఎక్కువ తినేది, అడిగి చూడు.

మామిడికాయ తొక్కు గురించి మీ అమ్మ చెప్తుంది, నేను మిరపకాయ గురించే చెప్తాను. కారం పొడి ప్యాకెట్లు కొనవద్దు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చుట్టుపక్కల జిల్లాల మిర్చి అంతా వచ్చేది ఈ నెలల్లోనే. రంగుకు చపాట మిర్చి తీసుకో. లావుగా, టమాటాలా ఉంటుంది, కారం తక్కువ, ఎరుపు మాత్రం కళ్లు చెదిరేంత. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కారానికి వేరే రకం కొంత కలిపి, తొడిమలు తీసి, రెండు మూడు రోజులు బాగా ఎండనిచ్చి గిర్నీలో పట్టించు. జాడీలో, గరిటెలో, నీ చేతిలో ఎక్కడా తడి ఉండకూడదు. ఉప్పు తక్కువైన తొక్కుకు బూజు పట్టక మానదు.

రోజువారీ తిండి తేలిగ్గా ఉండాలి. పొద్దున వండిన ముద్దపప్పు, అన్నం ఉంటే మధ్యాహ్నం మళ్లీ పొయ్యి వెలిగించే పని లేకుండా పచ్చిపులుసు చేసుకోవచ్చు. చింతపండు రసంలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, పొద్దున్నే కాల్చి ఉంచిన పచ్చిమిర్చి, కొత్తిమీర, చిటికెడు బెల్లం, వేయించి దంచిన నువ్వుల పొడి వేసి చేత్తోనే పిసికి కలపాలి. గరిటెతో కలిపితే ఉల్లిపాయ రసం దిగదు. అది తిని, కిటికీలు మూసిన చీకటి గదిలో చాప కూడా లేకుండా వట్టి బండల మీద వెల్లకిలా పడుకుని చూడు. ఆదివారమైనా ఆ నిద్ర పోవాలి. దాన్ని బద్ధకం అనుకోవద్దు.

ములుగు అడవుల వైపు నుంచి తునికి పండ్లు, మొర్రి పండ్లు గంపల్లో వస్తాయి. ఎక్కడ కనపడినా ఆగి కొను, రేపు కొందామంటే రేపు ఉండవు. తాటి ముంజలు పొద్దున్నే, నీ కళ్లెదుట కొట్టించుకో. లేతవైతే లోపల నీళ్లు కదులుతాయి. పిల్లాడికి బొటనవేలితో పొడిచి తినడం నేర్పు, చొక్కా మీద మరక పడితే పడనీ.

రాత్రుళ్లు డాబా మీద పడుకోండి. ఇది మీ ఇంటికి ఉన్న అదృష్టం, కింది అంతస్తులవాళ్లకు లేదు. స్లాబు వేడి కొంత తగ్గాక, ఎనిమిది దాటాక రెండు బకెట్లు చల్లితే చాలు. పరుపులు మోయవద్దు. కొత్తవాడ నేతగాళ్ల జంపఖానా ఒకటి కొనుక్కోండి, వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలుది కాబట్టి ఒంటికి వేడి చేయదు, ఉతుక్కోవడం తేలిక. దోమతెరకు నాలుగు కర్రలు సిమెంటు డబ్బాల్లో పాతించుకుంటే ఏటా పనికొస్తాయి. ఫోన్లు కింద పెట్టి రండి. పగలంతా ఒకరి మాట ఒకరికి పొసగని ఇంట్లో కూడా ఆరుబయట పడుకున్నాక కబుర్లు వాటంతట అవే మొదలవుతాయి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో హఠాత్తుగా గాలిదుమారం లేస్తుంది. పడమర ఎర్రబారి గాలి ఆగిపోయిందంటే పావుగంట కూడా సమయం ఉండదు. ముందు బట్టలు, తర్వాత వడియాలు, ఆ తర్వాత కిటికీలు. కొమ్మలు విరిగి కరెంటు పోతే గంటలు పట్టవచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీలో నీటి మట్టం ఈ కాలంలో త్వరగా తగ్గుతుంది, నెలకోసారి చూసుకోమని అల్లుడికి చెప్పు.

సున్నం సంగతి ఇంటి యజమానితో ఈ వారంలోనే మాట్లాడు. ఖర్చు సగం సగం అంటే ఒప్పుకుంటాడనే అనుకుంటున్నాను, కాదంటే నాకు చెప్పు, నేను వచ్చి మాట్లాడతాను. ఒప్పుకుంటే వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికల్లా నేనూ, సున్నం వేసే మనిషీ మీ ఇంటి దగ్గర ఉంటాం. శనివారం రాత్రికల్లా డాబా ఊడ్చి, కడిగి ఉంచండి.

మీ మామయ్య
హనుమకొండ