చివరి అంకె దాకా

అమ్మాయికి, ఆశీస్సులు.

ఇంటర్ విద్యార్థుల కోసం సార్థక అంకెల మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. నియమాలలో తప్పు ఒక్కటీ లేదు. అయినా మొదటి పేరా దగ్గరే పిల్లలు పేజీ తిప్పేస్తారని నా భయం. మధ్యలో ఉన్న సున్నా సార్థకం, ముందున్న సున్నా కాదు అంటూ మొదలుపెట్టావు. ఎందుకో తెలియకుండా నేర్చుకున్న నియమం పరీక్ష హాలు దాటి బయటికి రాదమ్మా.

బ్యూరెట్‌తో, అంటే ద్రవాన్ని కొలిచి వదిలే గీతల గాజు గొట్టంతో మొదలుపెట్టు. దాని మీద 0.1 మిల్లీలీటరుకు ఒక గీత ఉంటుంది. ద్రవం అడుగు వంపు 23.4, 23.5 గీతల నడుమ నిలిస్తే 23.45 అని రాసుకుంటాం. మొదటి మూడు అంకెలూ గీతలు చెప్పినవి, చివరి 5 మన కంటి అంచనా. నమ్మకంగా తెలిసినవన్నీ, వాటి పక్కన అనుమానం మిగిలిన ఒకే ఒక్క అంకె: ఇవే సార్థక అంకెలు. ఇంకో అంకె చేర్చామంటే చూడనిదాన్ని చూశామని చెప్పినట్లే. ఇక్కడ తొందరపడకు. పాఠకుడి చూపు ఆ రెండు గీతల మధ్య కాసేపు నిలవాలి.

అప్పుడు సున్నాల సంగతి దానంతటదే తేలుతుంది. ద్రవం సరిగ్గా 23.5 గీత మీద ఉంటే 23.50 అని రాయాలి, ఎందుకంటే ఆ సున్నాను కూడా చూసే రాశాం. అదే కొలతను 0.02350 లీటర్లు అంటే, ముందు వచ్చిన సున్నాలు యూనిట్ మార్చినందువల్ల చేరినవే. సార్థక అంకెలు అప్పుడూ 4.

పిపెట్‌తో (నిర్ణీత కొలత ద్రవం తీసే గొట్టంతో) తీసిన 20.00 మి.లీ. 0.1000 మోలార్ ఆమ్లానికి క్షారం 23.50 మి.లీ. పట్టిందనుకో. ఒక మోల్‌కు ఒక మోల్ చర్య అయితే క్షారం మోలారిటీ, అంటే లీటరుకు ఎన్ని మోల్‌లు అన్నది, కాలిక్యులేటర్‌లో 0.085106383 అని కనిపిస్తుంది. మన కొలతలన్నీ నాలుగేసి అంకెలవి కాబట్టి జవాబు 0.08511. సమీకరణంలోని 1 మాత్రం కొలిచింది కాదు, లెక్కపెట్టింది. దానికి ఈ పరిమితి వర్తించదు.

నీ వ్యాసంలో నాకు లోటుగా తోచింది ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ కథ. నైట్రోజన్ సాంద్రత కొలుస్తుండగా, గాలి నుంచి తీసిన వాయువుకూ అమ్మోనియా సాయంతో తీసినదానికీ సుమారు వెయ్యింట ఒక వంతు తేడా వచ్చింది. ఇంకొకరైతే కొట్టిపారేసేవారేమో. తన కొలత అంతకన్నా సున్నితమైనదని ఆయనకు తెలుసు. అందుకే 1892లో నేచర్ పత్రికకు లేఖ రాసి, కారణం చెప్పమని రసాయన శాస్త్రవేత్తలను అడిగారు. తర్వాత గాలి ప్రమేయం లేకుండా, పూర్తిగా సమ్మేళనాల నుంచే నైట్రోజన్ తీసేసరికి తేడా పెరిగింది: గాలిలోది లీటరుకు 1.2572 గ్రాములు, సమ్మేళనాలది దాదాపు 1.2505. రెండు అంకెలకు కుదించి చూడు, రెండూ 1.3 అవుతాయి. కుదించి ఊరుకోలేదు కాబట్టే 1894లో రేలీ, రసాయన శాస్త్రవేత్త రామ్సే కలిసి, గాలి నైట్రోజన్‌లో కలిసిపోయి దాన్ని బరువెక్కించిన ఆర్గాన్ అనే వాయువు ఉనికిని ప్రకటించగలిగారు. 1785లోనే కావెండిష్ అనే శాస్త్రవేత్త గాలి మీద చేసిన తన ప్రయోగంలో నైట్రోజన్ అంతా పోయాక చిన్న బుడగ మిగిలిందనీ, అది 120లో ఒక వంతుకు మించదనీ రాసిపెట్టారు. ఆ బుడగలో ఉన్నది ప్రధానంగా ఆర్గానే. వందేళ్లకు పైగా ఎవరూ పట్టించుకోని ఆ వాక్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. దీనికి ఒక పేజీ ఇచ్చినా ఎక్కువ కాదు.

కూడికలో దశాంశ స్థానాలు చూడాలని, గుణకారంలో మొత్తం సార్థక అంకెలు చూడాలని చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. మధ్య దశల్లో అంకెలు కుదించవద్దని మాత్రం గట్టిగా చెప్పు.

ఇక నీ మూడో ఉదాహరణ. త్రాసు గ్రాములో నూరో వంతు వరకే చూపిస్తుందని నువ్వే రాశావు. 2.35 గ్రాముల ఉప్పు తూచి, జవాబులో ఆరు అంకెలు వేశావు. ముందు దాన్ని సరిచేసి పంపు, మిగతా పేరాలు తర్వాత చూద్దాం.