బ్యారెల్ రేసులో గుర్రం తల పైకెత్తేస్తోంది, ఏ సామాను వాడాలి?

బ్యారెల్ రేసంటే మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని తిప్పుతూ పరిగెత్తించే పోటీ. మీ గుర్రం మామూలు నడకలో బాగానే ఉండి, పీపా దగ్గరికి రాగానే తల ఎగరేస్తోందన్నారు. సామాను కొనేముందు పళ్లతో సహా గుర్రాన్ని పశువుల డాక్టరుకి చూపించండి. వుల్ఫ్ టూత్ అనే చిన్న పన్ను బిట్‌కి (కళ్లెంలో నోట్లో ఉండే ముక్క) తగిలినా, జీను భుజాలను నొక్కినా, వెనక కాళ్ల కీళ్లు నొప్పెట్టినా గుర్రం చెప్పుకునే తీరు ఇదే. నొప్పి ఉండగా ఏ పట్టీ కట్టినా నోరు నొక్కినట్టే.

ఒళ్లు బాగుంటే మెత్తని స్నాఫిల్ బిట్ (లివరు లేని సాదా బిట్), రన్నింగ్ మార్టింగేల్ (ఛాతీ వైపు నుంచి వచ్చి, చివర రెండు రింగులుండే పట్టీ) చాలు. పగ్గాలు మార్టింగేల్ రింగుల్లోంచి పోతాయి. తల సరైన ఎత్తులో ఉన్నప్పుడు చేతి నుంచి నోటిదాకా పగ్గం తిన్నగా ఉండాలి. తల లేపితేనే రింగులు పనిచేయాలి. మార్టింగేల్ పొట్టిగా కడితే ఎప్పుడూ కిందికే లాగుతుంది. రింగులు బిట్‌కి చిక్కుకోకుండా పగ్గాలకు రబ్బరు స్టాపర్లు మరిచిపోవద్దు.

చాలామంది ముందుగా కొనేది టై-డౌన్. ముక్కు మీది పట్టీని ఛాతీ పట్టీకి కట్టేస్తుంది. రోడియోలో (కౌబాయ్ పోటీల్లో) చాలా గుర్రాలు మలుపులో దాన్ని ఊతంగా వాడుకుంటాయి, కాబట్టి పోటీలో తప్పేమీ లేదు. కానీ తల దించడం నేర్పదు. దానిమీద వాలడం నేర్పుతుంది. తీసేసిన రోజే పాత అలవాటు తిరిగొస్తుంది.

ఇంకోటి, కాస్త చేదు మాట: మలుపులో మీ చేతులు పైకి లేస్తున్నాయేమో వీడియో తీసి చూసుకోండి. నెమ్మదిగా, ట్రాట్‌లోనే (నెమ్మది పరుగులో) మూడు పీపాలూ తిప్పుతూ, మెడ మెత్తబడగానే పగ్గం వదలండి.