వాగులో ఆగిన జీపు ఇంజన్‌ను ఇంట్లో విప్పవచ్చా?

ప్రశ్న: వాగు దాటుతుంటే జీపు ఆగింది. తర్వాత స్టార్ట్ అయింది గానీ ఒక సిలిండర్ కొట్టుకుంటోంది. మెకానిక్ ఫుల్ బోర్ (సిలిండర్లను తొలిచి సరిచేయడం) చేయాలంటున్నాడు. హన్మకొండలో ఇంట్లోనే ఇంజన్ విప్పి బిగించుకోవచ్చా?

విప్పవచ్చు, నేను విప్పాను. మాది పాత మహీంద్రా జీపు, 2,523 సీసీ డీఐ డీజిల్ ఇంజన్. ముందు ఒకటి చెప్పండి: వాగులో ఆగాక ఎవరైనా సెల్ఫ్ కొట్టారా? నన్నడిగితే బోర్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది అదే.

2023 జూలై వానలు మా వైపు ఎవరూ మరిచిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆగస్టులో నీళ్లు తగ్గాయని తాడ్వాయి అడవిలో ఒక చిన్న వాగులోకి జీపు దింపాం. వరద తవ్విన గుంత మధ్యలో ఉంది. ముందు చక్రాలు అందులో పడ్డాయి, నీళ్లు బానెట్ పైకొచ్చాయి, ఇంజన్ ఆగింది. "ఏం కాదు బావా, ఒక్కసారి సెల్ఫ్ కొడ్త" అని మా బామ్మర్ది తాళం తిప్పాడు. ఠక్కుమని ఒకే చప్పుడు వచ్చింది, అంతే.

ట్రాక్టర్‌తో గుంజుకొచ్చాం. నాజిళ్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) విప్పి నీళ్లు చిమ్మించాక స్టార్ట్ అయింది, కానీ మొత్తం బండి వణికేది. ఒకాయన నాజిల్ అన్నాడు, ఒకాయన డీజిల్ పంపు టైమింగ్ అన్నాడు, ఇంకొకాయన మీకు చెప్పినట్టే బోర్ అన్నాడు. ఒక్కరూ ఏదీ కొలవలేదు. నాకు ఇప్పటికీ కోపం దాని మీదే.

ఇంటి వెనక రేకుల షెడ్డులో నేనే హెడ్ (సిలిండర్ల మీది మూత) దించాను. ఈ ఇంజన్‌లో 1, 4 పిస్టన్లు కలిసి పైకొస్తాయి, 2, 3 కలిసి వస్తాయి. పిస్టన్లను కదిపే ఇరుసు, అదే క్రాంక్‌ను పానాతో మెల్లగా తిప్పాను. 1, 4 సమానంగా వచ్చాయి. తర్వాత 2 పైదాకా వచ్చింది, 3 మాత్రం దాదాపు 2 మిల్లీమీటర్లు కిందే ఆగింది. తప్పు చూశానేమోనని మళ్లీ తిప్పాను, మళ్లీ అంతే. గాలినైతే పిస్టన్ అణచగలదు, నీళ్లను అణచలేదు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ ఒత్తిడంతా పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కాన్‌రాడ్ మీద పడి అది వంగింది. లైనర్లలో (సిలిండర్ లోపలి గొట్టాల్లో) కొత్తలో గీసిన హోనింగ్ గీతలు ఇంకా చెదరలేదు, అంటే సిలిండర్లు అరగలేదు. అలాంటి ఇంజన్‌ను బోర్ చేయించడమంటే డబ్బు వాగులో పోసినట్టే.

ఒక కాన్‌రాడ్, పిస్టన్ రింగులు, షెల్స్ (క్రాంక్ తిరిగే చోటి బేరింగులు), హెడ్ ప్యాకింగ్ మార్చాను. ఐదు ఆదివారాలు పట్టింది. ఇంజన్ ఎత్తే చైన్ పుల్లీ అద్దెకు దొరుకుతుంది, టార్క్ రెంచ్ మాత్రం కొనండి. చేతి అంచనాతో బిగించే పని కాదిది. రింగును లైనర్‌లో పెట్టి దాని కొసల మధ్య గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో (కొలిచే సన్న రేకులతో) చూడండి. డబ్బా మీద సైజు సరిగ్గానే రాసి ఉన్నా చూడండి.

లేత్ షాపుకు క్రాంక్, రాడ్లు పంపేటప్పుడు మీరు అక్కడే నిలబడండి. నేను చాయ్ తాగొచ్చేలోపు రాడ్లను క్రాంక్‌కు బిగించే క్యాపులన్నీ విప్పి కిరోసిన్ తట్టలో కుప్ప పోశారు. ఏ రాడ్ క్యాప్ ఆ రాడ్‌తోనే కలిపి కోసినది, మార్చి పెడితే షెల్ సరిగ్గా కూర్చోదు. ఏది దేనిదో తెలిసేలా రాడ్లకూ క్యాపులకూ సెంటర్ పంచ్‌తో ముందే ఒక చుక్క, రెండు చుక్కలు కొట్టి పంపాను కాబట్టి సరిపోయింది. కిరోసిన్‌లో ముంచితే శుభ్రమైనట్టు కాదు. క్రాంక్‌లోని ఆయిల్ రంధ్రాలను సన్న బ్రష్‌తో తోమి గాలి కొట్టాలి. అక్కడ మిగిలిన ఇసుక రేణువు కొత్త షెల్స్‌ను గీకేస్తుంది. బిగించేటప్పుడు ఒక్కో క్యాప్ తర్వాత క్రాంక్ తిప్పి చూడండి. ఎక్కడ పట్టేస్తే అక్కడే విప్పండి.

ఇక మీ బండి సంగతి. బోర్‌కు ఒప్పుకోకముందు హెడ్ ఒక్కటి దించి నాలుగు పిస్టన్ల ఎత్తు కొలవండి. ఒకటి తక్కువ వస్తే ఆ మెకానిక్‌ను పిలిచి చూపించండి. మళ్లీ ఎప్పుడైనా నీళ్లలో ఆగితే తాళం తీసి జేబులో పెట్టుకోండి. నాజిళ్లు విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పి, నీళ్లన్నీ బయటికొచ్చాకే సెల్ఫ్ కొట్టండి.