చప్పుడు తగ్గినా బేస్ నిండుగా పలకాలంటే

ప్రశ్న: మాస్టారూ, నాది 100 వాట్ల ట్యూబ్ బేస్ ఆంప్. దానికి నాలుగు 10 అంగుళాల స్పీకర్ల క్యాబినెట్ ఉంది. స్టేజీ మీద వాల్యూమ్ సగం దాటాక ఒక బొంగురు, ఒక బరువు వస్తాయి. నాకు ఆ టోన్ అంటే ప్రాణం. ఇంట్లో అంత పెట్టే వీలు లేదు, కింది అంతస్తు వాళ్లు వచ్చి తలుపు కొడతారు. తగ్గించి వాయిస్తే అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంటుంది. తక్కువ చప్పుడులో ఆ టోన్ రాబట్టడం కుదురుతుందా? ఆంప్ శక్తిని స్పీకర్‌కి చేరకముందే తగ్గించే పెట్టె, ఆటెన్యుయేటర్, కొనమని మిత్రులు అంటున్నారు. కొననా?

జవాబు: కుదురుతుంది. ఆటెన్యుయేటర్ మాత్రం ఇప్పుడే కొనకండి. ముందు మీ ఆంప్‌ని అనుమానించడం మానేయండి. టోన్ పల్చబడటంలో సగం పాత్ర మన చెవిదే.

చప్పుడు తగ్గినప్పుడు చెవి అన్ని స్వరాలనూ ఒకేలా తగ్గించి వినదు. మంద్రాన్ని అన్నిటికంటే ముందు వదిలేస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు బెల్ లాబ్స్‌లో దీన్ని కొలిచి 1933లో ప్రచురించారు. ఇప్పటి లెక్కల ప్రకారం, 1000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్స్ దగ్గర ఎంత గట్టిగా వినిపిస్తుందో, 40 హెర్ట్జ్ స్వరం అంత గట్టిగా వినిపించాలంటే దాదాపు 83 డెసిబెల్స్ ఉండాలి. మీ బేస్ మీద అన్నిటికంటే లావు తీగ, ఇ తీగ, పలికేది 41 హెర్ట్జ్ దగ్గర. స్టేజీ మీద కడుపులో తగిలిన ఆ స్వరం ఇంట్లో వాల్యూమ్ తగ్గించేసరికి చెవికి అందకుండా పోతుంది. ఆంప్ దాన్ని పలుకుతూనే ఉంటుంది, విననిది మనమే.

అలాగని బేస్ నాబ్ చివరిదాకా తిప్పకండి. అలా తిప్పితే ఆ మంద్రం మీ చెవికి చేరదు, నేలలోంచి కింది ఇంటికి చేరుతుంది. ఇక్కడ చెవికి ఉన్న ఇంకో గుణం మనకు పనికొస్తుంది. ఇ తీగ మీటితే 41తో పాటు 82, 123, 165 హెర్ట్జ్ దగ్గర పై స్వరాలూ పలుకుతాయి. అవి స్పష్టంగా వినిపిస్తే చాలు, అడుగున ఉన్న 41ని చెవి తనంతట తానే పూరించుకుంటుంది. ట్యూబ్ బొంగురు అంటే ఈ పై స్వరాలు పెరగడమే. అందుకే చిన్న చప్పుడులో ఆ బొంగురు అలంకారం కాదు, బేస్‌ని వినిపించేదే అది. దాన్ని చప్పుడు పెరగని చోట పుట్టించుకోవాలి.

మీ ఆంప్‌లో బొంగురు రెండు చోట్ల పుడుతుంది. ఒకటి ముందున్న ప్రీఆంప్‌లోని చిన్న ట్యూబుల్లో, రెండోది స్పీకర్‌ని నడిపే పెద్ద పవర్ ట్యూబుల్లో. స్టేజీ మీద మీరు వింటున్నది రెండూ కలిసిన టోన్. పవర్ ట్యూబులు బొంగురుపోవాలంటే ఆంప్ దాదాపు పూర్తి శక్తితో పనిచేయాలి, ఇంట్లో అది కుదరని పని. ప్రీఆంప్ ట్యూబులకు ఆ ఇబ్బంది లేదు, వాటి తర్వాత మొత్తం చప్పుడు తగ్గించే మాస్టర్ నాబ్ ఉంది కాబట్టి.

మాస్టర్ వినిపించేంత మాత్రమే ఉంచి, ప్రీఆంప్‌ని నడిపే గెయిన్ నాబ్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచండి. ఎ తీగని ముందు బొటనవేలి మెత్తటి భాగంతో మీటండి, తర్వాత చూపుడు వేలితో గట్టిగా లాగండి. మెత్తగా మీటినప్పుడు స్వరం శుభ్రంగా ఉండాలి, గట్టిగా లాగినప్పుడు మొదట్లో మాత్రమే కొంచెం గీరుకుని వెంటనే తేరుకోవాలి. ఆ హద్దు దొరికేదాకా తిప్పండి. నాబ్ మీద ఒక్క గీత తేడాకే అది చేజారిపోతుంది. నేను ఆంప్ ముందు నేల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఎడమ చేత్తో నాబ్ తిప్పుతూ కుడిచేత్తో ఉత్త తీగ మీటుతూ వెతుకుతాను. పది నిమిషాలు పడుతుంది. తొందరపడొద్దు.

తర్వాత ఈక్వలైజర్. 80 నుంచి 120 హెర్ట్జ్ మధ్య కొద్దిగా పెంచండి. 500 నుంచి 800 మధ్య ఇంకొంచెం పెంచండి, గరగర ఉండేది అక్కడే. అడుగు స్వరాలను ఆపేసే హై పాస్ ఫిల్టర్ ఉంటే 40 కింద కోసేయండి. మిడ్ తగ్గించి, బేస్ ట్రెబుల్ పెంచే అలవాటు మీకు ఉంటే ఈ ఒక్క పనికీ దాన్ని వదులుకోండి. పల్చదనానికి సగం కారణం ఆ అలవాటే.

ఇక మీరు అన్న ఆ బరువు. పవర్ ట్యూబులు, స్పీకర్లు అలసే దాకా పనిచేసినప్పుడు గట్టి మీటులు కొంచెం అణిగి, మెత్తటి మీటులు పైకి వస్తాయి. ఆ బరువంతా దానిదే. దీనికి ఎఫెక్ట్స్ లూప్‌లో, అంటే ప్రీఆంప్‌కీ పవర్ ట్యూబులకీ మధ్య పెడల్స్ తగిలించే చోట, గట్టి మీటులని అణిచే కంప్రెసర్ పెట్టండి. ఎంత అణచాలో చెప్పే రేషియో 4:1, ఎంత త్వరగా అణచాలో చెప్పే అటాక్ కాస్త నిదానంగా, 30 మిల్లీసెకన్ల దగ్గర ఉంచండి, వేలి దెబ్బ మొదట్లో బతికుంటుంది. గట్టిగా మీటినప్పుడు నాలుగైదు డెసిబెల్స్ అణిగితే చాలు. అదే లూప్‌లో కంప్రెసర్ తర్వాత ఒక వాల్యూమ్ పెడల్ కూడా పెడితే ఇంకో లాభం ఉంది. పెద్ద ఆంపుల్లో మాస్టర్ నాబ్ మొదట్లో ఒక్కసారిగా ఎగురుతుంది, వెంట్రుకంత కదిపితే ఇల్లు అదురుతుంది. పెడల్‌తో కొంత తగ్గించుకుంటే మాస్టర్‌ని తిప్పడానికి చోటు దొరుకుతుంది.

ప్రీఆంప్ బొంగురు చాలకపోతే ఆంప్ ముందు ఓవర్‌డ్రైవ్ పెడల్ వాడండి, కానీ బ్లెండ్ నాబ్ ఉన్నదే తీసుకోండి. మంద్రం బొంగురుపోతే బురదైపోతుంది. అడుగు శుభ్రంగా ఉండి, సుమారు 200 హెర్ట్జ్ పైభాగం మాత్రం గీరుకోవాలి. శుభ్రమైన స్వరాన్ని బొంగురుతో కలిపి బ్లెండ్ దానికి దగ్గరగా తీసుకొస్తుంది.

ఒక మాట పక్కకు వెళ్లి చెబుతాను, బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ గురించి తలుచుకోకుండా ఈ జవాబు పూర్తి చేయలేను. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటల్లో ఆయన బేస్ విని అది ట్యూబ్ ఆంప్ మహిమే అనుకుంటారు చాలామంది. క్లబ్బుల్లో ఆయన ఆంపెగ్ బి-15 అనే ట్యూబ్ ఆంప్ వాడిన మాట నిజమే. స్టూడియోలో మాత్రం ఆయన బేస్‌ని ఎక్కువగా నేరుగా మిక్సింగ్ డెస్క్‌లోకే ఇచ్చేవారు. పైచుట్టు నునుపుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి తెగేదాకా మార్చేవాడు కాదు, బ్రిడ్జ్ కవర్ కింద స్పాంజి ఉండేది, కుడిచేతిది చూపుడు వేలు ఒక్కటే. అంత బరువైన ఆ టోన్‌లో చప్పుడు వాటా చాలా తక్కువ. మీ బేస్ మీద పాతబడిన ఫ్లాట్‌వౌండ్ తీగలు ఒకసారి వేసి చూడండి. ఏ పెట్టె కొనడానికైనా ముందు నేను చేసే పని అదే.

ఆటెన్యుయేటర్ వద్దన్నది ఎందుకో ఇప్పుడు చెబుతాను. అది ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య కూర్చుని శక్తిని వేడిగా మారుస్తుంది. 100 వాట్లని 20 డెసిబెల్స్ తగ్గిస్తే స్పీకర్‌కి చేరేది ఒక్క వాటు, మిగతా 99 వాట్లు వేడి అయిపోతాయి. పవర్ ట్యూబులు పూర్తి భారం మోసి త్వరగా అరిగిపోతాయి. ఇంత చేసినా స్పీకర్ కదలదు, చెవి మంద్రాన్ని వినదు. మూడు నుంచి ఆరు డెసిబెల్స్ తగ్గించుకోవడానికి, అంటే చిన్న హాల్లో వాయించడానికి, అది మంచి వస్తువే. రాత్రిపూట గదికి కాదు. ఎప్పుడైనా కొంటే ఆంప్ వాట్ల కంటే ఎక్కువ తట్టుకునేది కొనండి, ఆంప్, స్పీకర్ల మీద రాసిన ఓమ్స్‌తో దాని ఓమ్స్ కలవాలి, స్పీకర్ కేబులే వాడాలి.

క్యాబినెట్‌ని నేల మీంచి ఎత్తి దళసరి ఫోమ్ మీదో స్టాండ్ మీదో పెట్టి, మీ చెవి వైపు వాల్చండి. కింది వాళ్లకు తగ్గుతుంది, మీకు పెరుగుతుంది.

ప్రశ్న: ఇది కాకుండా 50 వాట్ల ఆంప్‌కి మారితే చప్పుడు సగం అవుతుంది కదా?

జవాబు: అవదు. వాట్లు సగమైతే తగ్గేది 3 డెసిబెల్స్, పక్కపక్కన పెట్టి వింటే తప్ప తెలియదు. చెవికి సగం అనిపించాలంటే 10 వాట్లకు దిగాలి, ఆ 10 వాట్లు కూడా పూర్తిగా తెరిస్తే అర్ధరాత్రికి ఎక్కువే. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌విటి 300 వాట్లది. పెద్ద పెద్ద వేదికల కోసమే దాన్ని కట్టారు. గదిలో దాని పవర్ ట్యూబులని అలసిపోయేలా చేయాలనుకోవద్దు.

ప్రశ్న: రాత్రిళ్లు స్పీకర్ తీసేసి, ఆంప్ వెనక ఉన్న డీఐ అవుట్ నుంచి, అంటే సిగ్నల్‌ని నేరుగా మిక్సర్‌కి ఇచ్చే రంధ్రం నుంచి, హెడ్‌ఫోన్స్‌కి ఇస్తే?

జవాబు: స్పీకర్ తీసేయకండి. ట్యూబ్ ఆంప్‌కి స్పీకర్ గానీ, స్పీకర్ బదులు ఆ భారం మోసే, దానికి సరిపడే లోడ్ బాక్స్ గానీ తప్పకుండా తగిలి ఉండాలి. ఏళ్ల కిందట నేను క్యాబినెట్ మార్చే హడావిడిలో కేబుల్ రెండో చివర పెట్టడం మర్చిపోయి వాయించాను. శబ్దం రావడం లేదని గెయిన్ ఇంకా పెంచాను. నిమిషం తిరగకముందే కాలిన వార్నిష్ వాసన వచ్చింది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. దాన్ని మార్చి, కొత్త ట్యూబులు వేసినా ఆ ఆంప్ మునుపటిలా పలకలేదు, ఆ బాధ నాకింకా ఉంది. లోడ్ బాక్స్ తగిలించి, డీఐ నుంచి వచ్చే సిగ్నల్‌ని స్పీకర్ క్యాబినెట్ పలుకుని అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ గుండా పంపి హెడ్‌ఫోన్స్‌తో వినండి. సిమ్యులేషన్ లేకపోతే పై స్వరాలు గీసినట్టు చెవిలో గుచ్చుకుంటాయి. లోడ్ బాక్స్ లేని రోజు స్పీకర్ తగిలించే ఉంచి మాస్టర్ సున్నాలో పెట్టండి. చాలా ఆంపుల్లో డీఐ సిగ్నల్ మాస్టర్‌కి ముందు నుంచే వస్తుంది. మీ దాంట్లో ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడం తేలికే, మాస్టర్ తిప్పుతూ హెడ్‌ఫోన్స్‌లో చప్పుడు మారుతోందా లేదా వినండి.