ప్రపోజల్ రాసే రోజే అకౌంట్స్ వాళ్లని పిలవండి

"మా స్వచ్ఛంద సంస్థలో ప్రోగ్రామ్, ఫైనాన్స్, ఫండ్‌రైజింగ్ విభాగాలకి ఒకరితో ఒకరికి పడదు. సమన్వయం పెంచడం ఎలా? టీమ్ బిల్డింగ్ వర్క్‌షాప్ పెడితే ఉపయోగం ఉంటుందా?" అని అడిగారు.

రెండో ప్రశ్నకి ముందు చెప్తాను. ఉండదు. ఇలాంటి సంస్థల్లో చాలా ఏళ్లు అకౌంట్స్ చూశాను. కళ్లకి గంతలు కట్టి ఒకరి చెయ్యి ఒకరికిచ్చి నడిపించారు, రంగు కాగితాల మీద "మన విలువలు" రాయించారు. మర్నాడు ఆఫీసులో బిల్లు లేదని ఓచర్ వెనక్కి పంపితే, నిన్న నా చెయ్యి పట్టుకుని నడిచినాయనే మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పు పట్టను. మారుమూల ఊళ్లో బండి మాట్లాడుకుని వెళ్తే బిల్లు ఎవరిస్తారు? బిల్లు లేకపోతే ఆడిటర్ నన్ను వదలడు. బిల్లు ఉండి తీరాలన్న షరతు డోనర్ ఒప్పందంలో ఉంది. సంతకాలయ్యేదాకా ఆ ఒప్పందం ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

నన్నడిగితే ఈ గొడవల్లో ముప్పాతిక వంతు, నిధులు అడుగుతూ డోనర్‌కి ప్రపోజల్ రాసే రోజే పుడతాయి. ఫండ్‌రైజింగ్ వాళ్లు మాటిస్తారు, ప్రోగ్రామ్ వాళ్లు అది నెరవేర్చాలి, అకౌంట్స్ వాళ్లు దానికి లెక్క చూపించాలి. మాటిచ్చేటప్పుడు మాత్రం ఒక్కరే ఉంటారు.

ఒకసారి యువతకి ఉపాధి శిక్షణ ప్రాజెక్టు నడిచింది. ఏడాది చివర డోనర్ తరఫు ఆఫీసర్ మేడమ్ ఫోన్ చేశారు. శిక్షణ పొందినవాళ్ల సంఖ్య వార్షిక నివేదికలో ఒకటుంది, ప్రోగ్రామ్ రిపోర్టులో ఇంకొకటుంది, నేను పంపిన ఖర్చుల పట్టికలో మూడోది ఉంది. "వీటిలో ఏది నిజమండీ?" అని చాలా మర్యాదగా అడిగారు. ఆ మర్యాదకే మా డైరెక్టర్ సార్‌కి చెమటలు పట్టాయి.

అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. మొదటి అరగంట మామూలే. మీ రిపోర్టు ఆలస్యమంటే మీ ఫార్మాట్ మారిందని, అది నాకు మెయిల్‌లో రాలేదని. చివరికి మానిటరింగ్ చూసే అమ్మాయి హాజరు పట్టీలన్నీ తెచ్చి టేబుల్ మీద పరిచింది. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఫండ్‌రైజింగ్ వాళ్లు సంతకాలన్నీ కూడేశారు, ఒకే కుర్రాడు రెండు శిక్షణలకి వస్తే ఇద్దరయ్యాడు. ప్రోగ్రామ్ వాళ్లు చివరిదాకా ఉన్నవాళ్లనే లెక్కపెట్టారు. నా పట్టికకి ఆధారం భోజనాల బిల్లులు. అందులో శిక్షకులూ వాలంటీర్లూ కూడా ఉన్నారు. ఎవరూ అబద్ధం రాయలేదు. ప్రపోజల్ తీసి చూస్తే, ఇంతమందికి శిక్షణ ఇస్తామని ఉంది కానీ వాళ్లని ఎలా లెక్కపెట్టాలో ఎక్కడా లేదు. మూడు లెక్కలూ ఎలా వచ్చాయో వివరంగా రాసి పంపాక ఆవిడ ఒప్పుకున్నారు. ఈలోపు తర్వాతి విడత నిధులు ఆగాయి. దాంతో ఫీల్డ్ సిబ్బంది జీతాలు ఆలస్యమయ్యాయి. పట్టీలు పరిచింది ఎవరో, జీతం ఆగింది ఎవరికో చూడండి, నివేదికలు రాసినవాళ్లకి మాత్రం ఏమీ కాలేదు.

ఆ తర్వాత మా సంస్థలో ఒక పద్ధతి పెట్టారు. ఏ ప్రపోజల్ అయినా బయటికి వెళ్లే ముందు దాన్ని రాసినవాళ్లు, నడిపేవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు, మానిటరింగ్ వాళ్లు, ఫీల్డ్ నుంచి ఒకరు కలిసి కూర్చుని వాక్యం వాక్యం పైకి చదవాలి. ప్రతి హామీ దగ్గరా ఆగి, ఇది ఎవరు చేస్తారు, చేశారనడానికి ఏ కాగితం చూపిస్తాం, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది అని అడగాలి. జవాబు దొరక్కపోతే ఆ వాక్యం తీసెయ్యాలి. "గడువు రేపు సాయంత్రం, ఇప్పుడిదంతా ఏంటి?" అని ఫండ్‌రైజింగ్ వాళ్లు మండిపడ్డారు. అలాంటి ఒక సమావేశంలో అప్పటిదాకా నోరు తెరవని ఫీల్డ్ కార్యకర్త, "ఆ నెలలో కోతలుంటాయి సార్, శిక్షణకి ఎవరొస్తారు?" అన్నాడు. నెల మార్చారు. ఇది ముందే తెలియకపోతే ఖాళీ హాల్లో శిక్షణ పెట్టి, జనం రాలేదని ప్రోగ్రామ్ వాళ్లని తిట్టేవాళ్లం.

ఇంకో గొడవ మీ దగ్గరా ఉండే ఉంటుంది. "బ్యాంకులో డబ్బుంది, ఎందుకివ్వరు?" అని. ఉన్నది వేరే ప్రాజెక్టుకి కట్టుబడిన డబ్బు, ముట్టుకోకూడదు. ఇది నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. నెలకోసారి ఒక్క పేజీలో, ప్రాజెక్టు వారీగా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, మిగిలింది ఎప్పటిలోగా వాడాలి అని రాసి అందరికీ ఇవ్వండి. సాఫ్ట్‌వేర్‌లోంచి తీసిన నలభై కాలమ్‌ల షీట్ పంపితే ఎవరూ తెరవరు. ఏడాది ఆఖరి నెలలో మిగిలిన డబ్బు ఖర్చు పెట్టడానికి పడే పరుగు కూడా దీంతో చాలావరకు తగ్గుతుంది.

అసలు డోనర్ల సంగతి కూడా చెప్పాలి. అందరూ కలిసి పనిచేయాలంటారు, కలిసి కూర్చునే సమయానికి మాత్రం పైసా ఇవ్వరు. దాన్ని ఓవర్‌హెడ్ అంటారు, అంటే నేరుగా ప్రాజెక్టు పనికి కాక సంస్థ నడవడానికి అయ్యే ఖర్చు. 2013లో అమెరికాలో గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ అధిపతులు దాతలకి బహిరంగ లేఖ రాశారు. ఓవర్‌హెడ్ శాతం ఒక్కటే చూసి సంస్థ మంచిదో కాదో తేల్చొద్దని. దాతలకి సంస్థల వివరాలూ మదింపులూ అందించే వాళ్లే ఆ మాట అన్నారు. ఇప్పటికీ ఫారంలో మొదటి ప్రశ్న ఆ శాతమే. అందుకే సమన్వయానికి పట్టే సిబ్బంది సమయాన్ని బడ్జెట్లో విడిగా ఒక పద్దుగా రాయండి. కొందరు కొట్టేస్తారు, కొందరు ఒప్పుకుంటారు. రాయకపోతే ఎవరూ ఇవ్వరు.

కొత్తగా వాట్సాప్ గ్రూప్ మాత్రం పెట్టకండి. ఉన్నవి చాలు.

డైరెక్టర్ ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు. ఈసారి ఏదైనా చిన్న ప్రపోజల్‌తో మొదలుపెట్టండి. మీ అకౌంట్స్ వాళ్లు టైమ్ లేదంటే, బడ్జెట్ షీట్‌లో వాళ్ల గడులు ఖాళీగా ఉంచి గడువు తేదీ రాసి పంపండి. ఖాళీ గడి చూసి ఊరుకునే అకౌంటెంట్‌ని నేనింతవరకూ చూడలేదు.