విదేశీ విమాన సంస్థలో చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

విదేశీ సంస్థ నుంచి నియామక పత్రం వచ్చిందనీ, త్వరలోనే సంతకం చేసి పంపమన్నారనీ నీవు రాసిన ఉత్తరం అందింది. జీతమెంతో, నడపబోయే విమానమేదో, ఇల్లు ఎవరిస్తారో అన్నీ వివరంగా రాశావు గాని, ఆ ఉద్యోగం ఏ కారణంచేతనైనా ముగిసిపోతే నీ పరిస్థితి ఏమిటన్నది ఎక్కడా రాయలేదు. పరాయి దేశాల్లో చాలాకాలం విమానాలు నడిపినవాడిగా నేను నీకు ముందుగా చెప్పవలసింది ఆ సంగతే. వెళ్ళే దారి సంస్థవారే చూపిస్తారు, తిరిగి వచ్చే దారిని మాత్రం సంతకానికి ముందే నీవు చూసుకోవాలి.

స్వదేశంలో ఉద్యోగం పోతే పోయేది ఉద్యోగమే. విదేశంలో పైలట్‌కు నివాస అనుమతి, ఇల్లు, పిల్లల చదువు, కుటుంబానికి ఆరోగ్య బీమా, ఆ దేశపు లైసెన్సు, ఇవన్నీ ఒకే యజమానితో ముడిపడి ఉంటాయి గనుక, ఆ ముడి తెగినరోజున అన్నీ ఒక్కసారే కదులుతాయి. 2020లో ప్రపంచవ్యాప్తంగా విమాన ప్రయాణికుల సంఖ్య అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు 60 శాతం పడిపోయినప్పుడు, ఎందరో విదేశీ పైలట్లు కొద్ది వారాల వ్యవధిలో ఇల్లు ఖాళీ చేసి, పిల్లలను బడి మాన్పించి, దొరికిన విమానంలో స్వదేశం చేరవలసివచ్చింది. వారిలో పనిలో నైపుణ్యం లేనివారెవరూ నాకు తెలియదు. కాబట్టి నీ సామర్థ్యం మీద నాకున్న నమ్మకానికీ ఈ జాగ్రత్తకూ సంబంధం లేదని గ్రహించు.

ఒప్పందాన్ని చివరి పేజీల నుంచి మొదలుపెట్టి చదువు. నీవు నేరుగా విమాన సంస్థ ఉద్యోగివా, లేక మధ్యలో ఉన్న ఏజెన్సీకి ఉద్యోగివా అన్నది మొదట తేల్చుకో, ఎందుకంటే ఏజెన్సీ ద్వారా చేరినవారికి జీతం ఆగినప్పుడు ఎవరిని అడగాలో కూడా స్పష్టంగా ఉండదు. నోటీసు గడువు ఇరువైపులా సమానంగా ఉందా, వివాదం వస్తే ఏ దేశపు చట్టం వర్తిస్తుంది, ఏ న్యాయస్థానానికి వెళ్ళాలి అన్నవి చూడు. ఒక్కో రకం విమానాన్ని నడిపే అర్హత కోసం ఇచ్చే టైప్ రేటింగ్ శిక్షణకు, గడువుకు ముందే మానేస్తే ఖర్చు తిరిగి కడతానని బాండ్ రాయించుకుంటారు, అందులో తప్పేమీ లేదు. ఆ మొత్తం నెలనెలా తగ్గుతూ పోతుందా, లేక గడువు చివరిరోజు వరకు పూర్తిగా నిలిచి ఉంటుందా అన్నదే ముఖ్యం. వారే నిన్ను తొలగించినా, మెడికల్ (వైద్య అర్హత పత్రం) పోయినా, సిమ్యులేటర్ (నమూనా కాక్‌పిట్) పరీక్షలో తప్పినా బాండ్ సొమ్ము నీవే కట్టాలని రాసి ఉంటే, ఆ వాక్యం మార్చేదాకా సంతకం పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. జీతంలో మూల వేతనమెంత, అలవెన్సులెంత అన్నది కూడా విడివిడిగా లెక్కించుకో. ఉదాహరణకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ కార్మిక చట్టంలో ఉద్యోగం ముగిశాక ఇచ్చే గ్రాట్యుటీని మూల వేతనం మీదనే కడతారు, మొదటి ఐదేళ్ళలో ఏడాదికి 21 రోజుల, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల వేతనం చొప్పున. మూల వేతనం తక్కువగా, అలవెన్సులు ఎక్కువగా ఉన్న జీతం నెలనెలా ఘనంగా కనిపించినా చివర చేతికొచ్చేది అంతగా ఉండదు.

ఇక లైసెన్సు సంగతి. కొన్ని దేశాలు నీ స్వదేశపు లైసెన్సును గుర్తించి దానిమీద వ్యాలిడేషన్ (నడిపే అనుమతి) ఇస్తాయి, కొన్ని పరీక్షలు రాయించి తమ సొంత లైసెన్సు ఇస్తాయి. వ్యాలిడేషన్ మూల లైసెన్సు బతికున్నంతవరకే చెల్లుతుంది. సొంత లైసెన్సు ఇచ్చిన దేశంలోనైనా, అక్కడి లైసెన్సు వచ్చింది కదా అని స్వదేశపు లైసెన్సునూ మెడికల్‌నూ గడువు దాటనిచ్చినవారు తిరిగి వచ్చినప్పుడు పరీక్షలతో, సిమ్యులేటర్‌తో, కార్యాలయాల చుట్టూ తిరగడంతో నెలల తరబడి జీతం లేకుండా ఉండవలసివస్తుంది. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా కొంత ఖర్చయినా, రెండు రోజులు పోయినా, స్వదేశపు మెడికల్ చేయించుకునే వెళ్ళు. నడిపిన గంటలు నమోదయ్యే లాగ్‌బుక్‌ను సంస్థ కంప్యూటర్లకు వదిలిపెట్టకుండా నీ చేతిలో ఒక ప్రతి ఉంచుకుని, దానిమీద ఎప్పటికప్పుడు అధికారిక ధ్రువీకరణ చేయించు. సిమ్యులేటర్ పరీక్షల నివేదికలు, శిక్షణ పత్రాలు, ప్రమాదాలూ క్రమశిక్షణ చర్యలూ లేవన్న ధ్రువపత్రం, ఇవన్నీ ఉద్యోగంలో ఉండగా అడిగితే సులభంగా దొరుకుతాయి. మానేసిన తర్వాత అడిగితే జవాబిచ్చే మనిషి దొరకడమే కష్టం.

మెడికల్ విషయంలో నీవు ఆడపిల్లవు గనుక మరొక మాట చెప్పాలి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం గర్భవతి అయిన పైలట్‌ను సాధారణంగా ఫ్లయింగ్‌కు అనర్హురాలిగానే పరిగణిస్తారు, వైద్యులు ప్రమాదం లేదని తేల్చినప్పుడు 12వ వారం చివరి నుంచి 26వ వారం చివరి వరకు అనుమతించే వీలుంటుంది. కొన్ని దేశాలు అంతకంటే కఠినంగా ఉంటాయి. ఆ నెలల్లో నేలమీద పని ఇస్తారా, జీతం ఎంత ఇస్తారు, బాండ్ గడువు ఆ మేరకు పొడిగిస్తారా, తిరిగి వచ్చాక సిమ్యులేటర్ ఖర్చు ఎవరిది అన్నవి నియామకానికి ముందే లిఖితపూర్వకంగా అడుగు. అడగడానికి మొహమాటపడవద్దు, అడిగినందుకు వెనక్కి తగ్గే సంస్థ అయితే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. లైసెన్సు కోల్పోతే పరిహారమిచ్చే బీమాను సంస్థ ఇచ్చినా ఇవ్వకపోయినా నీ పేరున విడిగా తీసుకో, అది యజమాని మారినా నీతోనే ఉండాలి.

కాక్‌పిట్‌లో నీ పక్కన కూర్చునేది ఏ దేశం మనిషో రోజుకొక తీరుగా మారుతుంది. చైనాలో ఎత్తులను మీటర్లలో చెబుతారు; అమెరికాలో, జపాన్‌లో ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ను పాదరసపు అంగుళాల్లో, చాలా ఇతర దేశాల్లో హెక్టోపాస్కల్స్‌లో అమరుస్తారు. ఇవి కొద్ది వారాల్లో అలవాటవుతాయి. మాట విషయం అంత తేలిక కాదు. 1990 జనవరిలో న్యూయార్క్ సమీపంలో కూలిపోయిన ఏవియాంకా 52వ నంబరు విమానంలో, ఇంధనం అయిపోతోందని సిబ్బంది కంట్రోలర్లకు చెప్పారే గాని ఎమర్జెన్సీ అని ప్రకటించలేదు. 73 మంది మరణించారు. 1996లో హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది చనిపోయిన తర్వాతనే ఆంగ్ల భాషా ప్రావీణ్యంపై అంతర్జాతీయ నిబంధనలు పటిష్ఠమయ్యాయి. నీ ఇంగ్లీషు బాగుంటుందని నాకు తెలుసు. అయినా నీ మాట విన్నవారికి అర్థమయిందో లేదో చూసుకోవలసిన బాధ్యత నీదే. చమత్కారాలు, వాడుక పదాలు మాని ప్రామాణిక పదజాలానికే కట్టుబడు, అనుమానం వచ్చినచోట రెండోసారి అడుగు, కెప్టెన్‌కు కోపం వస్తుందేమోనని ఆగవద్దు.

నాకు అన్నిటికంటే బెంగగా ఉన్న విషయం అలసట. సంస్థలు విదేశీ పైలట్లను తీసుకునేదే తమ దగ్గర మనుషులు చాలకపోవడంవల్ల, అందుచేత రోస్టర్లు (డ్యూటీ పట్టికలు) చట్టం అనుమతించిన చివరి గంట వరకు నిండి ఉంటాయి. యూరప్ నిబంధనల్లో వరుసగా 28 రోజుల్లో 100 గంటలు, క్యాలెండర్ సంవత్సరంలో 900 గంటలు మించి నడపకూడదు. అది దాటరాని హద్దు మాత్రమే, అంతవరకు నడిపితే శరీరం క్షేమంగా ఉంటుందన్న హామీ అందులో లేదు. రాత్రి రెండు నుంచి ఆరు గంటల మధ్య మనిషి చురుకుదనం అట్టడుగుకు చేరుతుంది, లేఓవర్‌లో, అంటే ఫ్లైట్ల మధ్య పరాయి ఊళ్ళో ఆగినప్పుడు, హోటల్ గది ఎంత సౌకర్యంగా ఉన్నా శరీరంలోని గడియారం మాత్రం బేస్ (డ్యూటీ మొదలయ్యే స్థావరం) సమయంలోనే నడుస్తుంది. అలసిపోయాను, ఈ ఫ్లైట్ చేయలేను అని చెప్పడం స్వదేశంలోనే కష్టం. నివాస అనుమతి సైతం యజమాని చేతిలో ఉన్నచోట మరీ కష్టం, ఆ భయంతోనే చాలామంది నోరు మెదపరు. అందుకే పైన డబ్బు గురించి, కాగితాల గురించి అంత వివరంగా రాశాను. ఆరునెలల ఖర్చుకు సరిపడా సొమ్ము స్వదేశపు బ్యాంకులో ఉండి, లైసెన్సు సజీవంగా ఉన్న పైలట్ మాత్రమే అటువంటి రోజున నిర్భయంగా కాదనగలుగుతుంది. అలా చెప్పిన ప్రతిసారీ కారణాన్ని సంస్థ విధానం ప్రకారం నివేదికగా రాసి, దాని నకలు ఒకటి నీ దగ్గర ఉంచుకో.

నెలలో కొన్ని వారాలు అక్కడ పనిచేసి మిగిలినవి ఇంట్లో గడిపే కమ్యూటింగ్ ఒప్పందం తీసుకుందామా అని అడిగావు. ఇంటివారితో గడపడానికి అది మంచిదే. కాని డ్యూటీకి ముందురోజు రాత్రంతా ప్రయాణం చేసి నేరుగా కాక్‌పిట్‌లోకి వెళ్ళే అలవాటు చేసుకోవద్దు. 2009లో బఫెలో సమీపంలో కూలిన విమానపు ఇద్దరు పైలట్లూ దూరప్రాంతాల నుంచి బేస్‌కు వచ్చేవారే, ఫస్ట్ ఆఫీసర్ రాత్రంతా ప్రయాణించి వచ్చారు. ఆ ప్రమాదానికి అలసట ఎంతవరకు కారణమో దర్యాప్తువారు కచ్చితంగా తేల్చలేకపోయినా, ఇద్దరి పనితీరునూ అది దెబ్బతీసి ఉంటుందనే భావించారు. డ్యూటీకి ఒక పూర్తి రాత్రి ముందే బేస్ చేరి నిద్రపోవడానికి నీ సెలవు రోజుల్లోంచి ఒకటి వదులుకోవలసివస్తే వదులుకో.

కుటుంబమంతా వెళ్ళేటట్లయితే, ఆశ్రితుల వీసా మీద అల్లుడుగారు అక్కడ ఉద్యోగం చేయవచ్చా అన్నది ముందే కనుక్కో. భర్త చదువు, అనుభవం ఇంట్లో ఊరికే పడి ఉంటే రెండో ఏడాదికల్లా ఆ ఇంట్లో మాటలు తగ్గిపోవడం నేను చూశాను. స్థానిక చట్టాలు నీకు తెలియకపోయినా నిన్ను పట్టుకుంటాయి. ట్రామడాల్, కోడీన్ వంటి మందులు కొన్ని గల్ఫ్ దేశాల్లో అనుమతి లేనిదే వెంట ఉంచుకోరానివి. విమాన ప్రమాద దర్యాప్తు తప్పెవరిదో తేల్చడానికి కాదని అంతర్జాతీయ నిబంధనలు చెబుతున్నా, అనేక దేశాల్లో పోలీసులు విడిగా కేసు పెట్టవచ్చు. అందుచేత పైలట్ల సంఘం ద్వారా గాని, విడిగా గాని న్యాయసహాయం దొరికే ఏర్పాటు చేసుకునే బయలుదేరు.

ఒప్పందంతోపాటు దాని అనుబంధాలన్నిటినీ, ముఖ్యంగా బాండ్ పత్రాన్నీ సెలవుల నియమావళినీ నాకు పంపించు. చదివి, అడగవలసిన ప్రశ్నలు రాసి పంపుతాను. వాటికి సంస్థవారి జవాబులు ఫోనులో కాక ఈ-మెయిల్‌లో తెప్పించుకో. గడువు చాలకపోతే ఇంకో వారం కావాలని అడుగు, ఇస్తారు.

ఆశీస్సులతో,
పెదనాన్న